మోకు ఏసుకున్న అని చెప్పలే

బీరంగూడ,
12 జూన్ 1998

కతలోడా, బిడ్డా ఎంకటీ,

మా లింగడు నిన్ను గట్లనే పిలిచెటోడు గదా, కతలోడు అని. వాని నోట్లె మాట నేను తీసుకున్న, ఏమనుకోకు. నేను లింగం వాళ్ళ అమ్మను, సంగమ్మ పెద్దమ్మను. నాల్గో తరగతి దాక చదివినదాన్ని, నా రాత వంకర టింకర ఉంటది, ఓపిక తోని చదువుకో. మీ పెద్దబాపు యాదన్న తను రాస్త అన్నడు గని వద్దన్న. ఆయన రాస్తే క్షేమం, క్షేమం అని రెండు ముక్కలల్ల ఖతం చేస్తడు.

నువ్వు పూణె పోయి మూడు నెలలాయె. పోయేటప్పుడు ఒక్క మాట చెప్పలే. లింగని దినాల నాడు వచ్చినవు, అందరి ఇస్తారులు ఎత్తినవు, బోళ్ళు తోమినవు, నా మొఖం దిక్కు చూడకుండ పోయినవు. ఎన్కసీరి మీ అమ్మ కౌసల్య మార్కెట్ల కండ్లవడి చెప్పింది, మావోనికి మోటరు కంపెనీల నౌకరి అయింది, చించ్వాడ్ల ఉంటుండు అని. అడ్రస్ ఆమెనే రాసిచ్చింది.

నిన్న లింగని పెట్టె తీసిన. నాలుగు నెలలసంది తీయలే, తాళం చెవి నా కొంగుకే ఉన్నది గని చెయ్యి పోలే. అంగీల కింద ఒక అట్ట కాగితం, దాని మీద ఒక పాచిక. మన పచ్చీసు పాచిక లెక్క కాదు, ఇరువై మొఖాలున్నయి, నేను రెండు మాట్ల లెక్కవెట్టిన. అట్ట మీద ఒక మనిషి బొమ్మ గీసిండు. పక్కపొంటి ఇంగ్లీషుల ఏందో రాసుకున్నడు. అది మీ ఆదివారం ఆటదని మాత్రం నాకు సమజైంది.

రెండేండ్లు మా ముందటర్రల ఆడిండ్రు మీరు నలుగురు. నేను శెనగల గుడాలు ఉడకవెట్టి ఇచ్చుకుంట, పొయ్యి కాడికెళ్ళి ఇంటుంటి. ఒకడు తలుపు తెరుస్తున్న అంటడు, చూస్తే ఎవ్వడు లేవడు. ఒకపారి "గుర్రాన్ని ఏడ కట్టేసినవురా" అని నువ్వు అడిగితే నేను వాకిట్లకు వచ్చి చూసిన. మీరు పడి పడి నవ్విండ్రు. అంత నవ్వెటోళ్ళు, అదేం ఆటనో నన్ను కూసోవెట్టి ఒక్కలు చెప్పలే.

ఇప్పుడు చెప్పు. ఇంకొకటి గూడ చెప్పు. శివరాత్రి ముంగట ఆదివారం మా ఇంటికి సున్నం ఏస్తున్నమని మీరు మీ నాయిన క్వార్టర్ల ఆడిండ్రు. గా పొద్దే రెండు గంటల డ్యూటీకి పోతుంటె వాడు పెద్ద రోడ్డు మీది కమాన్ కాడ లారీ కింద పడ్డడు. పోలీసు కాగితంల, సైకిల్ మనిషి చూడకుండ రోడ్డు దాటిండు అని రాసిండ్రట. చూసినోడు ఎవడు లేడు, రాసినోడు మాత్రం ఉన్నడు. లింగడు కమాన్ కాడ రోజు సైకిల్ దిగుతడు. అటు చూసి ఇటు చూసి నడిపించుకుంట దాటుతడు. ముసలోని లెక్క ఏందిరా అని మీరే ఎక్కిరించెటోళ్ళు. ఇరువై రెండేండ్ల పోరడు, ఆ ఒక్క పొద్దు ఎందుకు దిగలే? వాని మనసుల ఏమున్నది? అక్కడ మీ దగ్గర ఏమన్న అయిందా?

నాకు గిదే తెల్వాలె. వేరే ఏం వద్దు.

నీ పెద్దమ్మ
సంగమ్మ

*

చించ్వాడ్, పూణె,
25 జూన్ 1998

పెద్దమ్మ గారికి నమస్కారాలు,

మీ ఉత్తరం అందింది. నేను ఇక్కడ బాగున్నాను. మీరు, పెద్దబాపు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి.

ఆట గురించి అడిగారు. మా నాయిన పంటల పరిశోధన సంస్థలో డ్రైవర్ కదా, అక్కడ ఒక విదేశీ ఆఫీసర్ కుటుంబం దేశం వెళ్ళిపోతూ వాళ్ళ పిల్లల సామాను పెట్టెలో పెట్టి మా నాయినకు ఇచ్చారు. అందులో ఈ ఆట పుస్తకాలు, పాచికలు ఉన్నాయి. ఆరు నెలలు డిక్షనరీ పెట్టుకొని చదివితే అర్థమయింది.

ఆట అంటే ఒక కథ. ఒకడు కథ చెప్తాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. కథ చెప్పేవాడు "ముందర ఏరు ఉంది, ఏం చేస్తారు" అని అడుగుతాడు. ఒకడు ఈదుతా అంటాడు, ఒకడు పడవ వెతుకుతా అంటాడు. ఏమవుతుందో తెలియని చోట పాచిక వేస్తారు. గెలుపు ఓటమి అంటూ ఉండదు. పుస్తకంలో అంతా వాళ్ళ దేశం కోటలు, మంచు కొండలు. లింగమే వాటిని తీసేసి మన గుట్టలు, మన బురుజులు పెట్టించాడు. నేను కథ చెప్పేవాణ్ణి.

ఆ ఆదివారం కూడా ఎప్పటిలాగే ఆడినం. విశేషం ఏం లేదు.

ఆ కాగితం మీరు ఉంచుకోండి, లేదా పారేయండి. నాకు అవసరం లేదు. డ్యూటీలు ఎక్కువగా ఉన్నందున ఎక్కువ రాయలేకపోతున్నాను.

ఇట్లు
వెంకటేశం

*

బీరంగూడ,
20 జూలై 1998

ఎంకటీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. ఎవరో ఆఫీసరు రాసినట్టున్నది. నేను నీకు ఎప్పుడు మీరు అయిన? "పెద్దమ్మా గుడాలల్ల ఉప్పు తక్కువైంది" అని అరిచేటప్పుడు మీరు లేకపాయె, గారు లేకపాయె.

ఆట సంగతి మంచిగ చెప్పినవు. ఇప్పుడు కొన్ని సమజవుతున్నయి. ఒక దినం మీరు ఒకటే తీరుగ "చెప్పులు ఏసుకున్న, తలపాగ సుట్టుకున్న, దీపం పట్టుకున్న, కాలు ముంగటికి పెట్టిన" అని లైనుగ చదువుతుండ్రు. లింగడు లాస్టుకు "ఊపిరి పీలుస్తున్న, రాసుకోరా కతలోడా, లేకుంటె సంపుతవు" అన్నడు. నేను లోపటికెళ్ళి "నా కొడుకులారా, ఇంట్ల ఒక్కనాడన్న చెంబెడు నీళ్ళు ముంచుతున్న అని చెప్పి ముంచిండ్రా" అని తిట్టిన. యాదికున్నదా? అట్ల ఎందుకు చదివెటోళ్ళు, గది రాయలే నువ్వు.

విశేషం ఏం లేదు అని రాసినవు. మొన్న బోనాలకు ఎల్లయ్య వచ్చిండు. నీతోని ఆడే ఎల్లయ్యనే, ఐ.టి.ఐ. పోరడు. నేనేం అడగలే, అన్నం పెట్టిన. తినుకుంట తినుకుంట "ఆ పొద్దు లింగడు మొఖం మాడ్చుకొని లేచిపోయిండు పెద్దమ్మా, ఎంకటిగాడు ఆపలే" అన్నడు. ఏందిరా అన్న. నీళ్ళు తాగి, బస్సు ఉన్నది అని పోయిండు. ఒకడు విశేషం లేదంటడు, ఒకడు మొఖం మాడ్చుకున్నడు అంటడు. నేను ఎవర్ని నమ్మాలె?

ఆ అట్ట మీద బొమ్మను మంచిగ చూసిన. మనిషి గోడనో చెట్టో ఎక్కుతున్నట్టుండు. నడుముకెళ్ళి తాడు పోతున్నది. గది మోకు అనిపించింది నాకు. చెట్టుకు నడుముకు కలిపి గీత కార్మికులు ఏసుకునే తాడు, దాని మీద ఒరిగి కల్లు గీస్తరు. మా నాయిన నలుపై ఏండ్లు తాటిచెట్లు ఎక్కిండు, నాకు మోకు తెల్వకపోవుడు ఉండదు. బొమ్మ కింద రాసిన పేరు ఇంగ్లీషు. మొదటి అక్షరం కర్రకు పైన గుండు కట్టినట్టున్నది, రెండోది సున్న. ఎవరిది ఆ పేరు?

దాచవెట్టకు బిడ్డా. పోయినోడు పోయిండు. నాకు ఇంట్ల పని చేసుకుంట చేసుకుంట, వాడు సైకిల్ దిగకుండ పోతున్నట్టే కనవడుతది. దినానికి పదిమాట్లు కనవడుతది. ఎందుకు దిగలే అన్నది తెలిస్తే కనవడుడు ఆగుతదేమో.

సంగమ్మ

*

చించ్వాడ్,
9 ఆగస్టు 1998

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపిన. ఈసారి చింపకుండ పోస్టు డబ్బల ఏస్త.

కర్రకు గుండు, తర్వాత సున్న. ఆ పేరు పోచయ్య. మీ నాయిన పేరు. ఆటల లింగడు పోచయ్య తాత అయిండు. పుస్తకంల కత్తి తిప్పెటోళ్ళు, మంత్రాలేసెటోళ్ళు ఉంటరు. మేమందరం అవే తీసుకున్నం. వాడు మాత్రం "నేను గీత మనిషిని, నా దగ్గర మోకు ఉన్నది, నడుముకు కత్తుల ముస్తాదు ఉన్నది, ఎంత ఎత్తుకైన ఎక్కుత" అన్నడు. రెండేండ్లు ఆ మనిషినే ఆడిండు. తాత సంగతులు నువ్వు చెప్పినవే అన్నీ కథలకు తెచ్చెటోడు. చెట్టు మీద కూసోని వాన ఎటుకెళ్ళి వస్తదో చెప్పుడు, కిందున్నోళ్ళను పేర్లు పెట్టి పిలుసుడు. నీకు చెప్తే నవ్వుతవని చెప్పలే అనుకుంట.

మేం లైనుగ ఎందుకు చదివెటోళ్ళమో అడిగినవు. అది నేను పెట్టిన రూలు. మొదట్ల లేకుండె. నేను "గుంతల పడ్డవు" అంటే ఎల్లయ్య "నేను కట్టెతోని నేల తడుముకుంట నడుస్తున్న గదా" అనెటోడు. తడుముతున్న అని ముందుగాల చెప్పడు, పడ్డంక చెప్తడు. ఇంకొకడు గూడ గట్లనే. కథ చెప్పెటోనికి రోజు ఇదే పంచాయితి. ఆడెటోడు నోటితోని చెప్పని పని చేసినట్టా, చెయ్యనట్టా? పుస్తకంల ఒక తీరుగ లేదు. నీ ఇష్టం, న్యాయంగ చూసుకో అని రాసిండ్రు. నాకు ఇసుగు పుట్టింది. "ఇగ మీదికెళ్ళి చెప్పిందే చేసినట్టు. చెప్పకుంటె చెయ్యనట్టు" అన్న. అప్పటిసంది అందరు చెప్పులు ఏసుకున్న, తలపాగ సుట్టుకున్న అని చదువుడు మొదలువెట్టిండ్రు. లింగడు ఒక్కడు దాన్ని నవ్వులాటకు పట్టిచ్చెటోడు. నాకు కోపం వచ్చేది పెద్దమ్మా. కథ నేను చెప్తున్న, నవ్వు మాత్రం వానికి వస్తుండె. మిగిలిన ఇద్దరు వాని దిక్కే తిరిగి కూసునెటోళ్ళు.

ఆ ఆదివారం నేను బురుజు కథ చెప్పిన. "ముంగట బురుజు. మూడు తాటిచెట్ల ఎత్తు. పైన కిటికిల మనిషి కనవడుతుండు. ఏం చేస్తరు?"

లింగడు వెల్లకిల వండుకోని ఉన్నడు. "పోచయ్య ఎక్కుతుండు" అన్నడు. గంతే. లైను చదవలే.

మోకు ఏసుకున్నవా అని నేను అడగాలె. ఒక్క మాట. అడిగితే ఏసుకున్న అనెటోడు, కథ నడిచేది. నాకు ఆ మాట నాలిక మీదికి వచ్చింది, ఆపుకున్న. ఇప్పుడు దొరికినవు అనుకున్న. సగం దాక ఎక్కనిచ్చిన. ఎక్కనిచ్చి "కాలు జారింది, పాచిక వెయ్యి" అన్న. ఏసిండు, తక్కువ పడ్డది.

"పర్వాలే, మోకు ఆపుతది" అన్నడు.

"మోకు ఏది? ఏసుకున్న అని చెప్పలే."

ముందు నవ్విండు. మజాక్ చేస్తున్న అనుకున్నడు. నా మొఖం చూసి లేచి కూసున్నడు. "అరే, గీత మనిషిరా. మోకు లేకుంట ఎక్కుతడా? రెండేండ్లల్ల ఒక్కసారన్న ఎక్కిండా?"

"చెప్పలే."

"మా తాత ఏసుకుంటున్న అని ఊరికి దండోర ఏసి ఎక్కిండారా?"

ఎల్లయ్య "రూలు రూలే లింగా" అన్నడు. వానికి గూడ అంతకుముందు నా రూలు తోని దెబ్బ తగిలింది, మంట ఉన్నది.

"పోచయ్య పడ్డడు. సచ్చిండు" అన్న నేను. అట్ట మీద గీత కొడుదామని చెయ్యి సాచిన. లింగడు గుంజుకున్నడు. ఆ పాచిక గూడ వాని పిడికిట్లనే ఉండె. "నీకు తెలుసురా ఏసుకున్నడని. తెలిసే సంపినవు" అన్నడు. చెప్పులు ఏసుకొని పోయిండు. పన్నెండు కాలే ఇంకా. నేను ఆపలే. గేటు చప్పుడు ఇన్న, గంతే.

వాడు అన్నది నిజం. నాకు తెలుసు. మోకు లేకుంట పోచయ్య ఎక్కడని నాకు తెలుసు.

రెండున్నరకు ఎల్లయ్య ఉరుక్కుంట వచ్చి కమాన్ కాడ అయింది చెప్పిండు. సైకిల్ ఎందుకు దిగలే అని అడిగినవు గదా. కోపంల ఉన్నడు పెద్దమ్మా. వాని మనసు నేను చేసిన పని మీద ఉన్నది. దానికే దిగలే. ఈ మాట నీ మొఖం చూసి చెప్పే దమ్ము లేకనే పూణె వచ్చిన. ఇక్కడ రూంల పోరగాండ్లు ఏదన్న కథ చెప్పు అంటరు. నోరు రాదు.

నన్ను ఏమన్న అను.

ఎంకటి

*

చించ్వాడ్,
14 సెప్టెంబరు 1998

పెద్దమ్మా,

నెల దాటింది. జవాబు రాలే. ఉత్తరం అందలేదా, అందినా రాయబుద్ధి కాలేదా. పోస్టుమన్ వస్తుంటే మెట్ల మీద కూసుంటున్న.

తిట్టయినా రాయి. ఒక ఖాళీ కార్డు ఏసినా సరే, అందింది అని తెలుస్తది.

ఎంకటి

*

బీరంగూడ,
4 అక్టోబరు 1998

ఎంకటీ, నా కతలోడా,

అందింది. రెండు అందినయి. రాయబుద్ధి కాలే. అబద్ధం ఎందుకు చెప్పాలె.

మొదటిది చదివినంక పది దినాలు నిన్ను తిట్టిన. నోటితోని కాదు, అంట్లు తోముకుంట లోపట్నే తిట్టిన. మా నాయినను బురుజు మీదికెళ్ళి తోసిండు, నా కొడుకును లారీ కిందికి తోలిండు అని తిట్టిన. మీ అమ్మ కౌసల్య ఎదురొస్తే కొంగు కప్పుకొని పక్కకెళ్ళి పోయిన. ఆమెకు ఏం తెలుసు పాపం, పలకరించుకుంటనే నిలవడ్డది. మీ పెద్దబాపు "ఏం రాసిండు" అంటె "ఏం లేదు" అన్న. నువ్వు రాసినట్టే, విశేషం లేదు అన్న.

తర్వాత కోపం పక్కకు జరిగి, వేరేది వచ్చి కూసున్నది. గది నీకు చెప్పాలె.

లింగడు డ్యూటీకి పోయేటప్పుడు నేను గడప కాడ నిలవడి "పైలం బిడ్డా, చూసుకోని పో" అంట. మూడేండ్ల నౌకరి, రోజు అన్న. గా పొద్దు అనలే. చేతుల నిండ సున్నం, సున్నం ఏసే బీరమ్మకు బకెట్ అందిస్తున్న. సైకిల్ గంట ఇనవడ్డది, పోతుండు అనుకున్న. తిరిగి గూడ చూడలే. దినాలయినంకసంది నా లోపట అదే ఉన్నది. పైలం అనకపోతిని, దానికే గిట్ల అయింది అని. మీ పెద్దబాపుకు గూడ చెప్పలే. నీ ఉత్తరంల ఆ రూలు మళ్ళ మళ్ళ చదివిన. చెప్పకుంటె చెయ్యనట్టు. గట్లయితే నేను గూడ వాణ్ణి పైలం చూసుకోలే అన్నట్టే. నువ్వు మోకు లేదన్నవు, నేను గూడ మోకు లేకుంటనే పంపిన.

మా నాయిన సంగతి చెప్త ఇను. నలుపై ఏండ్లు తాళ్ళు ఎక్కిండు. నేను చిన్నప్పుడు కింద కూసోని చూసేదాన్ని. ఒక్కనాడు గూడ "మోకు ఏసుకుంటున్న" అనలే. ఒక్కనాడు గూడ ఏసుకోకుండ ఎక్కలే. మా అమ్మ గూడ ఏసుకున్నవా అని అడగలే. అడిగితే నవ్వెటోడు, అన్నం నోట్లె పెట్టుకుంటున్నవా చెవుల పెట్టుకుంటున్నవా అని అడిగినట్టు ఉంటది. మా నాయిన చెట్టు మీదికెళ్ళి పడలే బిడ్డా. మంచంల, మా అమ్మ చేతుల పోయిండు. నువ్వు తోసినంత మాత్రాన పడెటోడు కాదు.

ఇగ నువ్వు కోపంల పోయిండు అని రాసినవు చూడు. ఆ మాట దగ్గర్నే నేను ఆగిపోయిన. పోయి కమాన్ కాడ పడ్డడు అని నువ్వు అనుకున్నవు. నడుమ ఇల్లున్నది, గది నీకు తెల్వదు. వాడు మీ క్వార్టర్ నుంచి సీద ఇంటికి వచ్చిండు. గంట సేపు ఉన్నడు. అన్నం తిన్నడు. ఆ అన్నం నాకు రోజు యాదికొస్తది, గని వాడు తిన్న కడపటి అన్నం అనే యాదికొస్తుండె. అది ఏం చెప్తున్నదో నేను ఇన్ని నెలలు ఆలోచించలే.

లింగనికి కోపమొస్తే తినడు. చిన్నప్పటిసంది గదే. ఇంటరు ఫెయిలయిన నాడు మీ పెద్దబాపు ఒక మాట అన్నడు, రెండు దినాలు మెతుకు ముట్టలే. మేకపిల్లను అడగకుండ అమ్మిన అని నా మీద అలిగి, టిఫిన్ డబ్బ గోడ మీద పెట్టి పోయిండు, కాకులు తిన్నయి. కోపం ఉన్నన్ని దినాలు వాని పెదవులు అంటుకపోయి ఉంటయి. గా పొద్దు జొన్నరొట్టెలు మూడు తిన్నడు. ఉల్లిగడ్డ కొట్టిమ్మన్నడు. పప్పు ఇంకింత ఏయమన్నడు. డబ్బ గూడ కట్టుకున్నడు.

అయినా నన్ను నేను నమ్మలే. తల్లిని గదా, కొడుకును మంచిగ యాదికి తెచ్చుకుంట. దానికే మొన్న శుక్రవారం సున్నం ఏసిన బీరమ్మ దగ్గరికి పోయిన. భానూర్ల ఉంటది, బస్సు దిగి చాన నడిచిన. వాకిట్ల చాటల బియ్యం ఏరుతున్నది.

"బీరమ్మా, మా లింగడు పోయిన పొద్దు నువ్వున్నవు గదా. వాడు ఎట్లున్నడు?"

"ఎట్లుంటడు, ఎప్పటి లెక్కనే ఉన్నడు. అత్తా, నా మొఖానికి గూడ ఒక చెయ్యి ఎయ్యి, డ్యూటీల తెల్లగ కనవడుత అన్నడు. నువ్వు లోపట ఉంటివి."

"కోపం గిట్ల లేకుండెనా?"

"వచ్చేటప్పుడు ఉండెనేమో. మొఖం గంటు పెట్టుకోనే వచ్చిండు. సైకిల్ గోడకు దబ్బున కొట్టిండు. ఒక తావున నిలవడి చేతిల ఏందో అట్ట చూసుకున్నడు. చూసుకోని నవ్విండు. పాగల్ గాడు, వాడే నవ్వుకుంటున్నడు అనుకున్న."

నేను లేద్దామనుకున్న. బీరమ్మ చాట కింద పెట్టింది.

"ఇంకొకటి సంగమ్మా. నేను నిచ్చెన మీద ఉన్న. కింద నేల సున్నం నీళ్ళతోని చిత్తడి చిత్తడి. దిగుతుంటె నిచ్చెన కదలలే. నేను పట్టమనలే. వాడు పడుతున్న అనలే. నేల మీద కాలు పెట్టి చూస్తే నిచ్చెన కింద మీ లింగడున్నడు, రెండు చేతులు పెట్టి. నేను దిగినంక చేతులు దులుపుకోని పోయిండు. దానికి నేను గూడ ఏమనలే. అనాలె గదా. ఇప్పటికీ అనిపిస్తది."

ఇద్దరం కూసోని ఏడ్చినం. తర్వాత ఆమె చాయ పెట్టింది.

ఎంకటీ, నేను ఆటల కూసోలే గని పొయ్యి కాడికెళ్ళి రెండేండ్లు ఇన్న. ఇప్పుడు కథ నేను చెప్త. నా కొడుకు నీ మీద కోపం పోయింది అని చెప్పలే. గని పోయింది. తిన్నడు గదా. సైకిల్ దిగిన అని ఎవరికీ చెప్పలే. గని దిగిండు. రోజు దిగెటోడు, నిచ్చెన పట్టినోడు, ఆ పొద్దు దిగకుండ ఎట్ల పోతడు? దిగిండు, అటు ఇటు చూసిండు, లారీ వాని మీదికి వచ్చింది. లారీవోడు ఏం చేసిండో వాని మనసుకు తెలుసు. పోలీసోళ్ళు వాళ్ళు చూడనిది జరగనే లేదని రాసుకున్నరు, రాసుకోని. నాకు ఇప్పుడు కండ్లు మూసుకుంటె వాడు దిగినట్టే కనవడుతుండు.

నీ తప్పు లేదు అని నేను అనను. అడగాల్సిన మాట అడగలే, సంబురపడి ఊకున్నవు. అది తప్పే. నా కొడుకుతోని నీకున్న కుళ్ళు అది, దోస్తులకు ఉంటది. మళ్ళ ఆదివారం వస్తే మీరిద్దరు తిట్టుకోని, గుడాల మీద పడి తిని, సాఫ్ చేసుకునే తప్పు. ఆ ఆదివారం రాలే, అంత మాత్రమే. దాన్ని మోసుకోని నా కొడుకు సావు దాక పోకు. అంత దూరం అది పోలే.

నీ రూంల ఉన్న పోరగాండ్లకు కథ చెప్పు. ఎవడన్న చెప్పుడు మరిస్తె అడుగు. అడిగెటందుకు ఏం పోతది? అడగ మరిస్తె, వాడు రోజు ఎట్ల చేస్తడో అట్లనే చేసిండు అనుకో. మనిషి రోజు చేసే పని నోటితోని చెప్పడు. నేను గూడ ఇగ, ఆ పొద్దు పైలం అనకున్నా రోజు లెక్కనే అన్నట్టే అని నమ్ముతున్న. రోజు నమ్ముడు అయితలేదు. కొన్ని దినాలు అయితది.

మీ అమ్మ దగ్గరికి పోయిన. పక్కకెళ్ళి పోయినందుకు ఏమనుకోకు అన్న. ఆమె నీ సంగతి చెప్పుకుంట ఏడ్చింది. పోయిన నెల పూణె పోయి చూస్తే పక్కెముకలు లెక్కవెట్టొచ్చు, ఒక్క పూట తింటుండు, అది గూడ సగం ఇడిచిపెడుతుండు అన్నది. కోపం ఉన్నోళ్ళు తినరు అని నాకు ఎవరు చెప్పాల్సిన పని లేదు. నువ్వు ఎవరి మీద కోపంగ ఉన్నవో గూడ తెలుసు. ఆ కోపం నా కొడుకే ఉంచుకోలే, నీకెందుకు.

చింతకాయ తొక్కు సీసాల పెట్టి మీ అమ్మ చేతికిచ్చిన, వచ్చెటోళ్ళతోని పంపుతది. నీ పెద్దమ్మ సంగమ్మ చెప్పేది ఇగ ఒక్కటే. రెండు పూటలు కడుపునిండ తిను బిడ్డా.